తుంటి ఆపరేషన్ అయింది, అత్తగారు మంచం దిగనంటున్నారు

ప్రశ్న: మా అత్తగారికి 76 ఏళ్లు. వేకువన బాత్రూమ్ గడప దగ్గర జారిపడి తుంటి ఎముక విరిగింది. మూడో రోజు ఆపరేషన్ చేసి సగం కీలు మార్చారు. ₹2,80,000 అయింది, ఇన్సూరెన్స్ లేదు. నెల కావస్తోంది, మంచం దిగనంటున్నారు. ‘నొప్పంటోందిగా, పడుకోనీ’ అంటారు మావారు. పుత్తూరు కట్టు కట్టిస్తే పోయేదిగా అని మా ఆడపడుచు దెప్పుతోంది. నేనేమో జీతం లేని సెలవులో ఉన్నాను.
— ఒక కోడలు, విల్లివాక్కం, చెన్నై

జవాబు: అమ్మా, మాది పుత్తూరు పక్కన నగరి. ఆ కట్టంటే నాకూ అభిమానమే. కానీ తుంటి కండల లోతున ఉంటుంది, పైనుంచి ఎంత బిగించినా విరిగిన ముక్క ఆగదు. మా అమ్మమ్మను కాలికి బరువు కట్టి ఆరు వారాలు పడుకోబెట్టారు. వీపున పుండ్లు, తర్వాత నిమ్ము. మళ్లీ లేవలేదు.

తుంటి విరిగిన పెద్దవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరు ఏడాదిలోపే పోతారు. ఆపరేషన్ చేసేది తొందరగా మంచం దింపడానికే. మీవారి జాలి నాకు అర్థమవుతుంది గానీ, దాని ఖరీదు మీ జీతం.

కాలి మీద పూర్తి బరువు మోపవచ్చా అని సర్జన్‌ను అడగండి. సగం కీలు మార్చినవాళ్లను చాలావరకు మర్నాడే నిలబెడతారు. సరేనంటే వాకర్‌తో రోజుకు మూడుసార్లు నడిపించండి, నడకకు అరగంట ముందు ఆయన రాసిన నొప్పి మాత్ర వెయ్యండి. కింద కూర్చోబెట్టకండి. పిక్క వాచినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి.

డిశ్చార్జి కాగితాల్లో ఎముకలు గుల్లబారకుండా మందు రాశారా? చాలామందికి రాయరు, నాకు ఒళ్లు మండేది అక్కడే. రెండో తుంటి విరిగితే ఇదంతా మళ్లీ మొదటికొస్తుంది. విటమిన్ డి, క్యాల్షియం, కిడ్నీ పరీక్షలు చేయించి, ఏడాదికోసారి వేసే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ ఆవిడకు పనికొస్తుందేమో అడగండి.

బిల్లులు పారెయ్యకండి. మీవారు పాత పన్ను విధానంలో ఉంటే, ఇన్సూరెన్స్ లేని తల్లికి నగదు కాకుండా కట్టిన వైద్య ఖర్చులో ₹50,000 దాకా పన్ను లెక్కలో ఆదాయంలోంచి తీసేసి చూపొచ్చు.

సర్జన్ సరేనన్న మర్నాటి నుంచి ఆవిడ కాఫీ మంచం దగ్గరికి తీసుకెళ్లకండి. హాల్లో చేతులున్న ఎత్తు కుర్చీ వేసి, పక్కన గ్లాసు పెట్టి పిలవండి. వాకర్ పట్టుకుని వచ్చేటప్పుడు వెనకే మీవారిని నడవమనండి.