వెనుక చక్రం పట్టేస్తోందన్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అమలాపురంలో బయలుదేరి రావులపాలెం చేరేసరికి కారు బరువుగా లాగుతోందనీ, వెనుక ఎడమ చక్రం దగ్గర కాలిన వాసన వస్తోందనీ, తీరా షెడ్డుకు తీసుకువెళితే చక్రం హాయిగానే తిరుగుతోందని పంపించివేశారనీ రాశావు. ఆ మెకానిక్కు అబద్ధమాడి ఉండడు. నీ వంతు వచ్చేసరికి డ్రమ్ము, అంటే చక్రంతో పాటు తిరిగే బ్రేకు గిన్నె, చల్లారి, పట్టు వదిలేసి ఉంటుంది. బ్రేకు పట్టేసిన సమయంలోనే పరీక్షించాలి; చల్లారిన తరువాత చూస్తే ఏమీ దొరకదు.

అంతకన్నా ముందు ఒక సంగతి తేల్చుకో. వానలో రెండు మూడు రోజులు హ్యాండ్ బ్రేక్ వేసి నిలిపిన కారు, కదిలించగానే ఠప్పుమని శబ్దం చేసి, ఆ తరువాత మామూలుగా పరుగెత్తితే అది జబ్బు కాదు. డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి ఆపే షూలు దానికి తుప్పుతో అతుక్కుని విడిపోయాయంతే. మనది చదును నేల కనుక ఇంటి దగ్గర గేరులో ఉంచి, చక్రానికి ముందూ వెనుకా ఇటుక పెడితే చాలు. కాలువ గట్టు వాలులోనూ, సఖినేటిపల్లి రేవులో బండ్లను గోదావరి దాటించే పంటు ఎక్కించినప్పుడూ మాత్రం హ్యాండ్ బ్రేక్ వేయక తప్పదు. నీ బండి విషయం వేరు, నడిచేకొద్దీ పట్టేస్తోంది.

కాబట్టి ఒక ఆదివారం ఉదయం, వీలైనంత తక్కువగా బ్రేకు తొక్కుతూ ఐదారు కిలోమీటర్లు నడిపి, దానంతట అది నిదానించి ఆగేటట్లు చూడు. దిగి, వెనుక చక్రాల రెండింటి దగ్గరా అరచేయి కొంచెం ఎడంగా ఉంచి వేడిని పోల్చు. డ్రమ్మును తాకవద్దు, చల్లబరుద్దామని నీళ్ళు అసలే పోయవద్దు. ముందు చక్రాలు వేడిగా ఉండటం సహజం కనుక వాటితో పోల్చి కంగారుపడకు.

వెంటనే, వేడి తగ్గకముందే, ముందు చక్రాలకు రెండు వైపులా ఇటుకలు అడ్డం పెట్టి వెనుక భాగాన్ని జాకీతో లేపు. మన ఒండ్రు నేలలో జాకీ దిగబడిపోతుంది కాబట్టి కింద మందపాటి చెక్క వేసుకో. జాకీ ఒక్కదాన్నే నమ్ముకోక స్టాండు కూడా పెట్టు. నీది ముందు చక్రాలతో నడిచే బండి కనుక గేరులో ఉంచినా వెనుక చక్రాలు స్వేచ్ఛగా తిరగాలి. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించి రెండింటినీ చేత్తో తిప్పి చూడు. షూ లీలగా రాసుకునే శబ్దం ఉంటే తప్పులేదు. గరగరమంటూ తిరిగి, పట్టుకుని ఊపితే కదలాడుతుంటే అది బేరింగు దోషం, దానికి మందు వేరు.

చక్రం బిగిసి ఉంటే, లోపల డ్రైవరు సీటు పక్కన ఉండే హ్యాండ్ బ్రేక్ కేబుల్ నట్టును, ఎన్ని చుట్లు తిప్పావో లెక్క పెట్టుకుంటూ వదులు చెయ్యి. చక్రం వదిలితే దోషం కేబుల్‌ది, లేదా దాన్ని మరీ బిగించిన చేతిది. అంతర్వేది వైపు ఇళ్ళలో ఉప్పుగాలికి తలుపు గొళ్ళాలే తుప్పు పడతాయి. తొడుగులోకి నీరు దిగిన కేబుల్ లాగినప్పుడు వెళ్ళి తిరిగి రాకపోవడంలో వింత ఏముంది? నూనె పోసి నాలుగు రోజులు నెట్టుకురావడం కంటే మార్చడమే మేలు.

అప్పటికీ వదలకపోతే, చక్రం వెనుక పలక మీద ఉండే బ్లీడింగ్ నిపిల్‌కు, అంటే ఆయిల్, గాలి బయటికి తీసే చిన్న మరకు, సన్నని గొట్టం తగిలించి, సీసాలో ముంచి, కొద్దిగా విప్పు. బ్రేక్ ఆయిల్ చిమ్మి చక్రం తేలికపడితే లోపల ఒత్తిడి చిక్కుకుని ఉందన్నమాట. ఒక్క చక్రమే అయితే దానికి ఆయిల్ తెచ్చే రబ్బరు హోసును అనుమానించు. పైకి కొత్తదానిలా కనిపిస్తూనే లోపల ఉబ్బి, పెడల్ తొక్కిన బలానికి ఆయిల్‌ను పోనిచ్చి, తిరిగి రానివ్వదు. ఇది తెలియక, షెడ్డు పెట్టిన కొత్తల్లో ఒక వ్యానుకు రెండుసార్లు షూలు మార్చి యజమాని చేత చీవాట్లు తిన్నాను. ఒకటి కన్నా ఎక్కువ చక్రాలు బిగుస్తుంటే, అందులోనూ ఒక ముందు చక్రం, దానికి ఐమూలగా ఉన్న వెనుక చక్రం కలిసి బిగుస్తుంటే, పెడల్ తొక్కితే ఆయిల్‌ను అన్ని చక్రాలకూ నెట్టే మాస్టర్ సిలిండర్ వైపు చూడు. చాలా కార్లలో ఆయిల్ దారులు ఐమూలగానే ఉంటాయి. పెడల్‌కు పైన కొంచెమైనా ఖాళీ ఆట లేకపోతే, వేడెక్కి వ్యాకోచించిన ఆయిల్‌కు వెనక్కి వెళ్ళే దారి మూసుకుపోతుంది.

నిపిల్ విప్పినా వదలనప్పుడే డ్రమ్ము విప్పే పని. షూలను డ్రమ్ము మీదికి నెట్టే వీల్ సిలిండర్‌లో పిస్టన్ తుప్పు పట్టి ఉండవచ్చు, షూలను వెనక్కి లాగే స్ప్రింగు సాగిపోయి ఉండవచ్చు, కొత్త షూలు వేసినప్పుడు వాటికీ డ్రమ్ముకూ మధ్య ఎడం సరిచేసే అడ్జస్టరును ఎక్కువగా తిప్పి ఉండవచ్చు. లోపలి పొడిని నోటితో ఊదకు. పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండేది, తడిగుడ్డతో తుడువు.

నిపిల్ విప్పావు కనుక బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీయించకుండా రోడ్డెక్కవద్దు. బండిలోని బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద రాసి ఉన్న డాట్ 3 లేదా డాట్ 4 రకం ఆయిలే పొయ్యి. ఇంజనాయిల్ చుక్క కలిసినా రబ్బరు వాషర్లు ఉబ్బిపోతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, కనుక రెండేళ్ళకొకసారి మార్చడం మన తడి నేలలో దండగ ఖర్చు కాదు.

షూలు ఇప్పుడే కొనకు. కేబుల్ వదులు చేసినప్పుడు ఏమైందో, నిపిల్ విప్పినప్పుడు ఏమైందో ముందు రాయి.

మీ మావయ్య