కలంకారీ నేర్చుకోబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు ఉద్యోగానికి ఆరు నెలలు సెలవు పెట్టి, కలంకారీ నేర్చుకోవడానికి శ్రీకాళహస్తి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అయితే, గుడ్డ మీద గీత తప్పితే చెరపడానికి ఉండదటగా, ఆ విద్య నా చేతికి వస్తుందా అని నువ్వు రాత్రిళ్ళు నిద్రపోకుండా బెంగపడుతున్నావని కూడా చెప్పింది. అందుకే ఫోనులో నాలుగు మాటలతో సరిపెట్టకుండా తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

గాడా అనే ముతక నూలు గుడ్డ, వెదురు కలం, చింతపుల్లల బొగ్గు అన్నీ అక్కడే దొరుకుతాయి. కింద కూర్చుని చేసే పని కనుక మధ్యమధ్య లేచి నాలుగడుగులు వెయ్యి. దీపం వెలుగులో సన్నని గీతలు పెట్టవద్దు.

ఇక నీ భయం సంగతి. అది పోయాక గీస్తానని కూర్చుంటే ఎప్పటికీ గీయలేవు. బొమ్మలు నేర్చుకునేవారికి కన్ను ముందు ఎదుగుతుంది, చెయ్యి దాని వెనకాల నడుస్తుంది. నిన్న ముద్దుగా కనిపించిన బొమ్మ ఇవాళ వంకరగా కనిపించిందంటే నీ చూపు పదునెక్కిందన్నమాట. బడిలో డ్రాయింగు చెప్పినన్నాళ్ళూ నేను చూసినది ఇదే: బాగా చూడగలిగిన పిల్లలే ముందుగా తమకు రాదని అనుకొని మానేసేవారు.

మీ నాన్న కథ నీకెవరూ చెప్పి ఉండరు. వాడిని అడిగే రాస్తున్నాను. డ్రాయింగు హయ్యరు పరీక్ష ప్యాసయ్యాక వాడు కూడా నీలాగే కలంకారీ మీద మోజుతో ఒక పెద్దాయన దగ్గర కుదిరాడు. బొగ్గుతో వేసినంతసేపూ, దులిపితే పోతుందిలే అన్న ధీమాతో, వాడి చెయ్యి హాయిగా సాగేది. కసిమి అనే నల్లరంగులో కలం ముంచేసరికి బిగుసుకుపోయేది. ఇనుప తుప్పును, తాటిబెల్లాన్ని నీళ్ళలో వారాల తరబడి ఊరబెట్టి తీసిన ఆ కసిమి, కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే కళ్ళ ముందే నల్లబడుతుంది, ఆ నలుపు ఇక ఉతికినా పోదు. కలం ములికికి పైన దారంతో చుట్టిన గుడ్డను వేళ్ళతో కాస్త నొక్కితే రంగు కిందికి దిగుతుంది. చెయ్యి కదులుతున్నంతసేపూ గీత సన్నగా సాగుతుంది, ఆగితే దిగిన రంగంతా అక్కడే చేరుతుంది. గుడ్డకు పట్టించిన గేదెపాల జిడ్డు రంగును పాకనివ్వదు గాని, ఆగిన కలం దగ్గర ఆ పాలు కూడా ఏమీ చేయలేవు. మీ నాన్న సీతమ్మవారి మోచేతి వంపు దగ్గర, సరిగా వస్తోందా లేదా అన్న అనుమానంతో ఆగాడు. మినపగింజంత మరక పడింది.

అక్కడ ఒక పువ్వు వేసెయ్ నాయనా అన్నాడట ఆ పెద్దాయన. కలంకారీలో ఖాళీలను పూలతో, లతలతో నింపడం ఉన్నదే కనుక అది ఎవరి కంటా పడేది కాదు. మీ నాన్న వినలేదు. ఇంచుమించు పూర్తి కావచ్చిన ఆ గుడ్డను మడిచి ఇంటికి తెచ్చి, ట్రంకుపెట్టె అడుగున దాచి, జ్వరమని కబురు పెట్టి మళ్ళీ ఆ గడప తొక్కలేదు. తల్లీ, మరక వల్ల వాడికి ఏ నష్టమూ జరగలేదు, దాచడం వల్లే జరిగింది. ఆ పెద్దాయన తప్ప ఇంకెవరూ చూడలేదు కనుక, అది ఎంత చిన్నదో చెప్పేవారే లేకుండా పోయారు. చివరికి నీ సైన్సు రికార్డులో మందారపువ్వు వేసిపెట్టడానికి కూడా వాడికి చెయ్యి రాలేదు. నువ్వు ఏడుస్తూ పుస్తకం పట్టుకొని నా దగ్గరికి వచ్చిన రోజు నాకిప్పటికీ గుర్తే.

అందుచేత, కోప్పడి అయినా సరే, చెబుతున్నాను: వెంట రబ్బరు తీసుకువెళ్ళకు. ఈ రోజు నుంచే పెన్సిలు పక్కన పెట్టి, చిత్తుకాగితాల మీద బాల్‌పెన్నుతో గియ్యి. గీత తప్పితే దాని పక్కనే సరైన గీత పెట్టు. కాగితం చింపకు, తేదీ వేసి ఉంచు. కలం ఆనించే ముందు గీత ఎక్కడ ముగుస్తుందో చూసుకో. అనుమానం వస్తే ముందు కలం పైకెత్తు, ఆ తరువాత ఆలోచించు. మధ్యలో ఆగక తప్పకపోతే కడియమో వంకీయో వచ్చే చోట ఆగు, అతుకును నగ కప్పేస్తుంది.

పక్కన కూర్చున్నవారి చేతిని చూసి కుంగిపోకు. 2008లో పద్మశ్రీ అందుకొన్న జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారు తమ తండ్రి లక్ష్మయ్య గారి దగ్గరే ఈ విద్య నేర్చుకొన్నారు. పుట్టినప్పటి నుంచీ కలం చూస్తూ పెరిగిన ఇళ్ళ పిల్లలు అక్కడ ఉంటారు. వారిని చూసి నేర్చుకో, వారితో లెక్కలు వేసుకోకు.

రెండో బెంగ పటిక దగ్గర పట్టుకుంటుంది. ఎరుపు రావలసిన చోట పెట్టిన పటిక నీళ్ళు ఆరాక కనిపించీ కనిపించనట్లు ఉంటాయి, మంజిష్ఠ వేరు రంగులో ఉడికించిన తరువాత గాని ఎరుపు తేలదు. పడలేదేమోనన్న అనుమానంతో మళ్ళీ మళ్ళీ పూశావంటే పటిక అంచు దాటుతుంది, ఉడికాక ఎరుపు కూడా గీత దాటే కనిపిస్తుంది.

మొదటి గుడ్డ పూర్తికాగానే, ఎన్ని మరకలున్నా, మీ నాన్న కూర్చునే గదిలో గోడకు తగిలించు. నాకు ఫొటో పంపితే చాలదు, గుడ్డే తీసుకురా. వెనకవైపు కూడా తిప్పి చూడాలి, కసిమి ఎంత బాగా పట్టిందో అక్కడే తెలుస్తుంది.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య