చెట్ల వయసు అడుగు

అమ్మాయీ,

నాగాలాండ్‌లోని కోహిమా యుద్ధ శ్మశానవాటిక మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం నీ చేతికి లొంగింది, చాలా సంతోషం. కానీ మూడు పేజీల్లో 'ప్రశాంతత' తొమ్మిదిసార్లు వచ్చింది. పెన్సిల్‌తో సున్నాలు చుట్టాను. ఈ ఉత్తరం ఆ మాట గురించే.

'చెట్ల నీడన వీరులు నిద్రిస్తున్నారు' అని మొదలుపెట్టావు. ఆ చెట్ల వయసెంతో ఎవరినైనా అడిగావా? రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 ఏప్రిల్, మే నెలల్లో, శ్మశానవాటిక ఉన్న ఆ గారిసన్ హిల్ కొండ మీద ఫిరంగి దెబ్బలకు చెట్లన్నీ మోడులయ్యాయి. విమానాల నుంచి నీళ్ళూ మందుగుండూ జారవిడిస్తే, ఆ పారాచూట్లు మోడులకు చిక్కి వేలాడాయి. అక్కడి చెర్రీ చెట్టు దగ్గర ఫలకం చదివే ఉంటావు. జపాన్ సైనికులు పొంచి కాల్పులు జరిపిన పాత చెట్టు యుద్ధంలో నాశనమైంది. దాని మోడు నుంచి వచ్చిన చిగురే ఇప్పటి చెట్టు. ఇది మనసుకు పట్టాక 'నీడ' అన్న మాట మునుపటిలా రాయలేవు.

టెన్నిస్ కోర్టుకు నీ వ్యాసంలో అర వాక్యమే దక్కింది. డిప్యూటీ కమిషనర్ బంగళా ఆవరణలోని కోర్టు అది. బంగళా పోయింది, కోర్టు గీతలు మాత్రం తెల్లగా ఇప్పటికీ గుర్తు పెట్టి ఉన్నాయి. నేను ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాను, ముప్పై పైచిలుకు అడుగులు. అంత దూరంలో అటు జపాన్ వాళ్ళు, ఇటు మన వైపు బ్రిటిష్, భారత సైనికులు గుంతలు తవ్వుకుని, రోజుల తరబడి గ్రెనేడ్లు విసురుకున్నారు. అలాంటి చోట 'భీకర పోరు' అని రాయకు తల్లీ. అడుగులు లెక్కపెట్టి రాయి.

సమాధుల దగ్గర కూడా అంతే. వరసలన్నీ చూడాలని తిరక్కు. ఒక్క రాయి ముందు కూర్చో. నేను కూర్చున్న రాయి మీది కంచు పలకలో పేరు లేదు, యుద్ధం జరిగిన సంవత్సరాలు ఉన్నాయి. రాత్రి వాన నీళ్ళు అక్షరాల మధ్య నిలిచి ఉన్నాయి. పక్క రాయి మీద పేరు, రెజిమెంటు, వయసు, అడుగున ఇంటివాళ్ళు చెక్కించిన ఒక పంక్తి. ఆ రెండు రాళ్ళ మధ్య జానెడు గడ్డి. నాకు ఆ పూటంతా దానికే సరిపోయింది.

ఒక తప్పు నా వల్ల జరిగింది, నీ వల్ల జరగకూడదు. మొదటిసారి వెళ్ళినప్పుడు పైదాకా ఎక్కకుండానే దిగి వచ్చేశాను. 1,420 సమాధులని రాశాను, అచ్చయింది. సైన్యంలో పనిచేసి వచ్చిన ఒక పాఠకుడు కార్డు రాశాడు: 'మనవాళ్ళను దహనం చేశారు కదండీ, వాళ్ళేరీ?' అని. కొండ పైభాగంలో దహన స్మారకం ఉంది. దాని మీద 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లు ఉన్నాయి. వాళ్ళకు రాళ్ళు లేవు, పేర్లే. మళ్ళీ వెళ్ళి ఆ పేర్ల ముందు నిలబడ్డప్పుడు కలిగిన బాధ ఇంకా పోలేదు. నీ వ్యాసంలోనూ వాళ్ళు లేరు. గాయపడ్డవాళ్ళను కొండదారుల్లో మోసిన నాగా పల్లె జనమూ లేరు. ఊళ్ళో పెద్దవాళ్ళను అడుగు, తాతలు చెప్పిన సంగతులు చెబుతారు.

చివరిగా ఒకటి. అక్కడ కూర్చుంటే కింద రోడ్డు మీది హారన్లు పైదాకా వినిపిస్తాయి. ప్రశాంతతకు అడ్డమని వాటిని వదిలేసినట్టున్నావు. దిమాపూర్ రైలుస్టేషన్ నుంచి ఇంఫాల్‌కు సామాను చేరే రోడ్డు అది. దాన్ని తెగ్గొట్టాలనే జపాన్ సేన కోహిమాకు వచ్చింది, దాన్ని నిలబెట్టడానికే వీళ్ళంతా పోయారు. ఆ లారీల చప్పుడు వ్యాసంలోకి రానివ్వు.

ఆశీస్సులతో.