అనలాగ్ వీడియో కేబుళ్లలో ఏది మేలు?

ప్రశ్న: నా పాత డీవీడీ ప్లేయర్ వెనుక పసుపు రంగు వీడియో జాక్, ఎస్-వీడియో, కాంపొనెంట్ అనే మూడు అవుట్‌పుట్‌లు ఉన్నాయి. టీవీకి దేనితో కలిపితే బొమ్మ బాగా వస్తుంది?

జవాబు: మీ టీవీలో తగిన ఇన్‌పుట్ ఉంటే నిస్సందేహంగా కాంపొనెంట్‌నే ఎంచుకోండి. పసుపు జాక్ నుంచి వచ్చే కాంపోజిట్ సిగ్నల్‌లో వెలుగు, రంగుల సమాచారం ఒకే తీగలో కలిసి ప్రయాణిస్తుంది. వాటిని టీవీ మళ్లీ పూర్తిగా విడదీయలేకపోవడం వల్లనే సన్నని చారల చొక్కాల మీద అసలు లేని రంగులు మెరుస్తాయి, ముదురు రంగుల అంచుల వెంట చుక్కలు పాకుతున్నట్టు కనిపిస్తాయి. ఎస్-వీడియో ఆ రెండింటినీ వేర్వేరు తీగల్లో పంపుతుంది కనుక ఈ లోపం తొలగిపోతుంది. నా దృష్టిలో కంటికి బాగా తెలిసే మెరుగుదల ఇక్కడే వస్తుంది. కాంపొనెంట్‌లో వెలుగు ఆకుపచ్చ తీగలోను, రెండు రంగు భేద సిగ్నళ్లు (నీలం, ఎరుపు రంగులకూ వెలుగుకూ మధ్య తేడాను తెలిపేవి) నీలం, ఎరుపు తీగల్లోను వెళతాయి. డీవీడీలో సమాచారాన్ని భద్రపరిచే తీరు కూడా ఇదే కావడంతో రంగులు మరింత స్పష్టంగా వస్తాయి. మీ ప్లేయర్‌లోను, టీవీలోను సౌకర్యం ఉంటే, తక్కిన రెండింటిలో వీలుకాని 480పి ప్రోగ్రెసివ్ చిత్రం (బొమ్మలోని 480 గీతలనూ సగం సగంగా కాక ఒకే విడతలో చూపేది) కూడా దీని ద్వారా పొందవచ్చు. వీహెచ్ఎస్ టేపుల్లో మాత్రం వివరమే తక్కువ కనుక ఇంత తేడా ఆశించకండి. ఈ మూడింటిలో ఏదీ ధ్వనిని మోయదు. ఆడియో కేబుళ్లు విడిగా పెట్టాలి, వాటిలోని ఎరుపు ప్లగ్గును కాంపొనెంట్ ఎరుపు జాక్‌లో పెట్టకుండా చూసుకోండి.