స్టీరింగ్ వదులైతే ముందు బండి కిందికి చూడు

చిరంజీవికి,

బాబాయి ఆశీస్సులు. నువ్వు ఫోన్‌లో చెప్పింది విన్నప్పటి నుంచి మనసు నీ పికప్ మీదే ఉంది. స్టీరింగ్ కాస్త తిప్పినా బండి వెంటనే మళ్లడం లేదన్నావు, గతుకులో పడితే ముందువైపు టక్కుమంటోందన్నావు. టై రాడ్ ఎండ్లు, అంటే చక్రాన్ని తిప్పే కడ్డీ చివర ఉండే కీళ్లు, కొనడానికి బయల్దేరుతున్నానన్నావు. కాస్త ఆగు. ఏ కీలు వదులైందో నీ కంటితో చూసేదాకా ఏ పార్టూ కొనొద్దు.

నా మొదటి పికప్‌కి నేను అలాగే చేశాను. రెండువైపులా ఎండ్లు మార్చి, అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించినా ప్లే, అంటే స్టీరింగ్‌లో ఆ వదులు, అలాగే ఉంది. తీరా చూస్తే, స్టీరింగ్ బాక్సును (స్టీరింగ్ తిప్పుడును చక్రాలకు పంపే గేర్ల పెట్టెను) ఛాసిస్‌కి, అంటే బండి చట్రానికి, పట్టి ఉంచే బోల్టులు వదులై ఉన్నాయి. స్టీరింగ్ తిప్పితే ముందు బాక్సు కదిలేది, ఆ తర్వాతే చక్రం. అన్ని రోజులు ఆ బండిలో ఇంట్లో వాళ్లను తిప్పానే అన్న బాధ ఇప్పటికీ ఉంది.

ముందు టైర్లలో గాలి చూడు. గాలి తగ్గినా, టైరు ఒకవైపే అరిగినా బండి అటూ ఇటూ తేలుతున్నట్టు ఉంటుంది.

ఇక అసలు పరీక్ష. బండిని చదునైన చోట ఆపి, చక్రాలు తిన్నగా పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్కలు పెట్టు. గేరు న్యూట్రల్‌లో, ఇంజన్ ఆన్‌లో ఉండాలి. జాకీ వద్దు, బరువు చక్రాల మీదే ఉండనీ. ఒకరిని లోపల కూర్చోబెట్టి, స్టీరింగ్‌ని బెత్తెడు దూరం అటూ ఇటూ ఆగకుండా ఊపమను. నువ్వు టార్చి పట్టుకుని పక్క నుంచి చూడు, చేతులు లోపల పెట్టకు. స్టీరింగ్ కాలమ్ (స్టీరింగ్ నుంచి కిందికి దిగే కడ్డీ) నుంచి మొదలుపెట్టి చక్రం దాకా ఒక్కో కీలూ వరసగా చూడు. ఒకవైపు భాగం కదిలి, దానికి తగిలించిన రెండో భాగం కాస్త ఆలస్యంగా కదిలితే, వదులు అక్కడే ఉంది.

స్టీరింగ్ బాక్సు ఉన్న బండి అయితే లోపలికి వెళ్లే షాఫ్టు తిరుగుతున్నా, బాక్సు నుంచి బయటికి వచ్చే చేయి, అంటే పిట్‌మన్ ఆర్మ్, కదలడం లేదేమో చూడు. బాక్సే ఛాసిస్ మీద కదులుతోందా? బోల్టుల చుట్టూ చీలిక ఉందా? తర్వాత పిట్‌మన్ ఆర్మ్ నుంచి కదలికను ముందుకు పంపే డ్రాగ్ లింకు, రెండోవైపు కడ్డీని మోసే ఐడ్లర్ ఆర్మ్, టై రాడ్ ఎండ్లు, నీ బండికి ఏవి ఉంటే అవి. ముందు రెండు చక్రాలనూ కలిపే నిండు యాక్సిల్, కాయిల్ స్ప్రింగులు ఉంటే, యాక్సిల్ పక్కకి జరగకుండా పట్టే పాన్‌హార్డ్ రాడ్ రెండు చివర్లూ తప్పకుండా చూడు, అది వదులైతే స్టీరింగ్ ఊపినప్పుడల్లా యాక్సిలే పక్కకి జరుగుతుంది. అలాంటి బండి వేగంలో గతుకు తగిలితే స్టీరింగ్ మొత్తం గడగడా వణికిపోతుంది. కొందరు స్టీరింగ్ డ్యాంపర్ (వణుకును అణిచే గొట్టం) మార్చి ఊరుకుంటారు. దాంతో వణుకు కొన్నాళ్లు కనబడదంతే, వదులు లోపలే ఉంటుంది.

కంటికి కనీకనపడని కదలికే కదా అని వదిలెయ్యకు. చక్రం దగ్గర టై రాడ్ తగిలించే స్టీరింగ్ ఆర్మ్ 15 సెంటీమీటర్ల పొడవుండి, బాక్సు నిష్పత్తి 16కి 1 (స్టీరింగ్ 16 డిగ్రీలు తిరిగితే చక్రం 1 డిగ్రీ) అనుకో. ఎండులో 1 మిల్లీమీటరు వదులుంటే, అది నీ చేతిలోని స్టీరింగ్ అంచు దగ్గర దాదాపు 2 సెంటీమీటర్ల ప్లే అవుతుంది. నీ బండికి ఎంతవరకు ఫర్వాలేదో మాన్యువల్‌లో ఉంటుంది, చూసుకో.

ఇప్పుడు జాకీ ఎత్తు, కింద స్టాండు పెట్టకుండా దగ్గరికి వెళ్లకు. స్ప్రింగు కింది ఆర్మ్ (చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే చేయి) మీద కూర్చునే బండికి జాకీని ఆ ఆర్మ్ కిందే, చక్రానికి దగ్గరగా పెట్టాలి. ఛాసిస్ కింద పెట్టి ఎత్తితే స్ప్రింగు నొక్కుడుకి ఆర్మ్ చివర చక్రం వైపున్న గుండ్రటి కీలు, అంటే బాల్ జాయింట్, బిగుసుకుని వదులు దాక్కుంటుంది. చక్రాన్ని పక్కల, అంటే గడియారంలో 9, 3 అంకెల చోట, పట్టుకుని ఊపితే తెలిసేది టై రాడ్ వైపు వదులు. పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడుతోందా? అయితే బాల్ జాయింటో, నిండు యాక్సిల్ బండిలో చక్రం మళ్లడానికి ఉండే కింగ్ పిన్నో, వీల్ బేరింగో అయ్యుంటుంది. లోపలివాళ్లని బ్రేకు తొక్కి పట్టమని మళ్లీ ఊపు. ఆట పోతే బేరింగు, ఉంటే బాల్ జాయింటో కింగ్ పిన్నో. బాల్ జాయింట్ ఆడుతోందని తేలితే ఆ బండి ఇక కదపొద్దు. అది ఊడితే చక్రం కిందికి ఒరిగిపోతుంది, అప్పుడు స్టీరింగ్ నీ చేతిలో ఉండదు.

చప్పుడు ఎప్పుడు వస్తోందో కూడా రాసిపెట్టుకో. నిలబడ్డ బండిలో స్టీరింగ్ తిప్పితే టక్కుమని, అది చేతికే తగులుతోందంటే కాలమ్ కింద షాఫ్టు యూనివర్సల్ జాయింటును (వంకరగా ఉన్నా తిప్పుడును అందించే కీలును) అనుమానించు. తిన్నగా వెళ్తూ గతుకులోనే వస్తే, బండి పక్కకి ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ కడ్డీ లింకులు, ఆర్మ్ బుష్‌లు (కీళ్లలోని రబ్బరు తొడుగులు), కమాను కట్టల చివరి బుష్‌లు. బ్రేకు వేసినప్పుడే వస్తే ఆర్మ్ బుష్‌లతో పాటు క్యాలిపర్ బోల్టులూ చూడు.

బాక్సు పైన బిగించే స్క్రూ ఒకటి ఉంటుంది. ఎవరు ఏం చెప్పినా ముందే దాని మీద పానా పెట్టకు. ఎక్కువ బిగిస్తే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను తిన్నగా రాదు, లోపలి పళ్లు అరిగిపోతాయి. మిగతావన్నీ గట్టిగా ఉన్నాయని తేలాకే దాని జోలికి వెళ్లు, అదీ మాన్యువల్ ప్రకారం.

ఎండు మారిస్తే నట్టును మాన్యువల్‌లో చెప్పినంత టార్కుకి (బిగింపు బలానికి) బిగించు. నట్టు ఊడకుండా దూర్చే స్ప్లిట్ పిన్ను రంధ్రం నట్టు గాడితో కలవకపోతే నట్టు వెనక్కి వదలకు, ఇంకాస్త బిగించి తర్వాతి గాడికి కలుపు. పాత పిన్ను మళ్లీ వాడొద్దు. ఆ తర్వాత అలైన్‌మెంట్ తప్పనిసరి, లేదంటే కొత్త టైర్లు కొన్ని వారాల్లోనే అంచులు కోసుకుపోతాయి.

ఆదివారం పిన్నిని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి ఈ పరీక్ష చెయ్యి, ఊపుతుండగా ఫోన్‌లో వీడియో తీసి నాకు పంపు. ఏ కీలో ఇద్దరం చూసి తేల్చాకే షాపుకి వెళ్దువు గాని.

నీ బాబాయి