పిస్టల్ మార్చాలా, పట్టు మార్చాలా?

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో ఉంటాం. మా పాప తొమ్మిదో తరగతి. ఏడాదిన్నరగా 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది. ఆరు నెలల నుంచి స్కోరు 528 దగ్గరే ఆగిపోయింది. అకాడమీలో అందరూ వాడే పిస్టల్‌తోనే షూట్ చేస్తుంది. ఇంటికొచ్చాక చిటికెన వేలు తిమ్మిరిగా ఉందంటుంది, బొటనవేలి కింద చర్మం కందిపోతోంది. సొంత పిస్టల్ కొనిస్తే స్కోరు పెరుగుతుందని కొందరు అంటున్నారు. మావారేమో ఇది మాన్పించి ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్పిద్దామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట ఆ తిమ్మిరెక్కిన చిటికెన వేలు. పాపకు ప్రతిభ ఉందా లేదా అని తేల్చే ముందు ఆమె చేతిని ఒకసారి చూడాలి. పెద్దవాళ్ల చేతికి సరిపోయే పిడిని చిన్న చేత్తో పట్టుకుని షూట్ చేస్తోందని నాకు గట్టిగా అనిపిస్తోంది. అదే నిజమైతే ఆరు నెలలుగా స్కోరు కదలకపోవడం పాప తప్పు కాదు.

ముందు 528 అంటే ఏమిటో చూద్దాం. 60 షాట్లు, ఒక్కోదానికి గరిష్ఠంగా 10, మొత్తం 600. మీ పాప సగటు షాటుకు 8.8. పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ 580 కొట్టి మూడో స్థానంలో ఫైనల్‌కు వెళ్లింది. ఆ సగటు 9.67. టార్గెట్ మీద ఒక్కో పాయింటును వేరుచేసే గుండ్రటి గీతల మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. అంటే సగటున ఒక శనగ గింజంత తేడా. చిన్నదని కాదు, అది పూడ్చడానికి ఏళ్లు పడుతుంది. కానీ పాప ఎక్కడో దారి తప్పిపోయిందని మాత్రం అనుకోకండి.

ఇప్పుడు పట్టు ఎందుకింత ముఖ్యమో చెబుతాను. గురి చూసుకోవడానికి పిస్టల్ మీద ముందొక సైట్, వెనకొక సైట్ ఉంటాయి. వాటి మధ్య దూరం సుమారు 35 సెంటీమీటర్లు. చేయి మొత్తం ఒక మిల్లీమీటరు పక్కకు ఊగితే పెల్లెట్ (పిస్టల్ గుండు) కూడా టార్గెట్ మీద ఒక్క మిల్లీమీటరే జరుగుతుంది. అదే మణికట్టు దగ్గర తిరిగి, వెనక సైట్‌తో పోలిస్తే ముందు సైట్ ఒక మిల్లీమీటరు పక్కకు పోతే, పది మీటర్ల దూరంలో అది దాదాపు మూడు సెంటీమీటర్లవుతుంది. పది రావాల్సిన షాటు ఏడుకు పోతుంది. పిల్లలు చేయి ఊగుతోందని టెన్షన్ పడతారు. చేయి అందరికీ ఊగుతుంది, ఒలింపిక్ షూటర్లకు కూడా. షాటును చెడగొట్టేది మణికట్టు వంగిపోవడం. పిడి చేతికి సరిపోకపోతే మణికట్టును బిగించి ఉంచడం చాలా కష్టం. ఆ పని వేళ్ల మీద పడుతుంది, చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంది.

ఈ ఆదివారం రేంజ్‌కి వెళ్లేటప్పుడు చిన్న టాల్కం పౌడర్ డబ్బా తీసుకెళ్లండి. కోచ్‌ గారికి చెప్పి, ఆయన ముందే, పెల్లెట్ లేని ఖాళీ పిస్టల్‌తో ఇది చేయించండి. పాప అరచేతికి పౌడర్ పల్చగా రాసి, షాటుకు పట్టుకున్నట్టే పిడిని పట్టుకోమనండి. పది సెకన్లాగి వదిలేయమనండి. పిడి చెక్క మీద పౌడర్ ఎక్కడ అంటిందో చూడండి. అరచేయంతా సమంగా అంటుకుంటే పిడి సరిపోయినట్టే. బొటనవేలి కింద ఒక్క చోటే దట్టంగా అంటి, మధ్యలో చెక్క శుభ్రంగా కనిపిస్తే అక్కడ ఖాళీ ఉందన్నమాట. పాప చర్మం కందేది కూడా సరిగ్గా ఆ చోటే అయి ఉంటుంది.

పిడి అకాడమీది కాబట్టి దాన్ని గరుకు కాగితంతో అరగదీయవద్దు, వేరే పిల్లలూ వాడతారు. చాలా పోటీ పిస్టళ్లకు పిడిని స్క్రూ విప్పి మార్చుకోవచ్చు. చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో దొరుకుతాయి. ఆ మోడల్‌కు చిన్న సైజు పిడి ఒక్కటి మీ సొంతానికి కొనండి. అరచేతి కింద ఆనే పలకను పైకీ కిందికీ జరుపుకోవచ్చు. ఖాళీ ఉన్న చోట వడ్రంగులు వాడే వుడ్ పుట్టీ పెట్టి, ఆరాక రుద్ది సరిచేసుకుంటారు. పిడి చేతిని చుట్టేయకూడదు, మణికట్టుకు ఆసరా ఇవ్వకూడదు అని నిబంధన ఉంది కాబట్టి ఈ పని కోచ్ దగ్గరుండి చేయించాలి. కొత్త పిస్టల్ ఖర్చు లక్షల్లోకి పోతుంది, ఇది అందులో చిన్న భాగం. లక్షలు పెట్టి కొన్నా దానికి కూడా పెద్ద సైజు పిడే ఉంటే మళ్లీ ఇదే కథ.

పట్టుకునే పద్ధతి కోచ్ నేర్పే ఉంటారు. అయినా మీరు పక్కనుంచి గమనించడానికి నాలుగు మాటలు. ఎడమ చేత్తో పిస్టల్ పట్టుకుని, కుడి చేతి బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఉన్న చోటును పిడి వెనక వంపులోకి వీలైనంత పైకి కూర్చోబెట్టాలి. ఆ తర్వాతే వేళ్లు చుట్టాలి. బలమంతా నడిమి వేలు, ఉంగరపు వేలు నుంచి నేరుగా వెనక్కి రావాలి. చిటికెన వేలు ఊరికే ఆని ఉంటుంది. బొటనవేలు నెట్టకూడదు, నెడితే కుడిచేతివాళ్లకు షాట్లు కుడివైపు పోతాయి. చూపుడు వేలు చెక్కకు తగలకూడదు. ఆ వేలికీ చెక్కకూ మధ్య సందు కనిపిస్తోందా అని మీరే చూడొచ్చు. ట్రిగ్గర్‌ను వేలి మొదటి కణుపు మెత్తతో, తిన్నగా వెనక్కి నొక్కాలి. షాట్లు తరచూ కింద ఎడమవైపు పడుతుంటే ట్రిగ్గర్ నొక్కే క్షణంలో చేయంతా బిగుస్తోందని అర్థం. ఎంత గట్టిగా పట్టుకోవాలంటే, చేయి వణికేదాకా బిగించి, వణుకు ఆగేదాకా సడలించాలి. ఆ బిగువు పెల్లెట్ తగిలాక కూడా ఒకటి రెండు సెకన్లు అలాగే ఉండాలి.

చూపు మాత్రం ముందు సైట్ మీదే. టార్గెట్ మసగ్గా కనిపించాలి. ఇది పిల్లలకు చాలా కష్టం, ఎందుకంటే కొట్టాల్సింది నల్ల చుక్క కదా, కన్ను అటే లాగుతుంది.

ఇంట్లో చేయగలిగింది కూడా ఉంది. పోటీ పిస్టల్ బరువు దాదాపు కిలో. లీటరు నీళ్ల సీసా పట్టుకుని, చేయి చాచి, ఖాళీ గోడ వైపు పది సెకన్లు నిలబడి దించాలి. రోజుకు ఇరవై సార్లు చాలు. భుజం నొప్పి పుడితే ఆపేయాలి. పది సెకన్లు దాటితే దించేయడం అలవాటైతే రేంజ్‌లో కూడా కుదరని షాటును కొట్టకుండా చేయి దించేసే ధైర్యం వస్తుంది.

ఇక మీవారి మాట. ఆయన భయం న్యాయమైనదే. షూటింగ్‌ను నమ్ముకుని స్కూలు మాన్పించవద్దు, ఓపెన్ స్కూలుకు మార్చవద్దు. అలాగని పదో తరగతి భయంతో పిస్టల్ దింపించవద్దు. మన హైదరాబాద్ అమ్మాయి ఇషా సింగ్ 2018లో 13 ఏళ్లకే జాతీయ ఛాంపియన్ అయింది. అది అరుదు, అందరికీ కొలబద్ద కాదు. లండన్ ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన విజయ్ కుమార్ సైన్యంలో ఉంటూ ఎదిగినవాడు. జాతీయ స్థాయి పోటీల సర్టిఫికెట్లు రైల్వేలు, కేంద్ర బలగాలు, పోలీసు శాఖల్లో స్పోర్ట్స్ కోటాకు పనికొస్తాయి. అందుకే ప్రతి పోటీ ఫలితం కాగితం ఫైలులో జాగ్రత్త చేయండి. షూటర్‌గా పైస్థాయికి చేరకపోయినా ఫిజియోథెరపీ, స్పోర్ట్స్ సైకాలజీ, పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్)లో కోచింగ్ డిప్లొమా వంటి దారులున్నాయి. వాటికి ఇంటర్, డిగ్రీ కావాలి.

మీవారితో ఒక మాట అనుకోండి: కొత్త పిడితో ఆరు నెలలు, రేంజ్ వారానికి నాలుగు రోజులు, చదువు వేళలు ముట్టుకోకుండా. ఆ లోపు స్కోరు 545 దాటితే సొంత పిస్టల్ గురించి మాట్లాడొచ్చు. దాటకపోతే చెయ్యి సమస్య కాదని తేలుతుంది, అప్పుడు మిగతావి చూద్దాం. ఒక్క స్కోరు చూసి కాదు, వరసగా పది మ్యాచ్‌ల సగటు చూడండి. పౌడర్ అంటిన పిడి ఫొటో తీసి పంపండి, పాప అరచెయ్యిది కూడా. నేను చూసి మళ్లీ రాస్తాను.