నైరూప్యమా, అమూర్తమా? రజా 'బిందువు'కు ఏ మాట?

సందేహం: చిత్రకారుడు ఎస్.హెచ్. రజా వేసిన 'బిందు' చిత్రాల గురించి రాస్తూ "ఈ నైరూప్యత విశ్వానికి మూలమైన శూన్యాన్ని చూపిస్తుంది" అన్నాను. నైరూప్యం కాదు, అమూర్తం అనాలని ఒక మిత్రుడు అన్నారు. ఏది సరి? బిందువును చుక్క అంటే తప్పా?

సమాధానం: ముందు తేలికైన సంగతి చెప్పేస్తాను. 'నైరూప్యత' వద్దు. నిః + రూప కలిస్తే నీరూప అవుతుంది, నిః + రస కలిసి నీరస అయినట్టు (మనం రోజూ అనే నీరసం ఇదే). దాని మొదటి అచ్చుకు వృద్ధి వచ్చి (అంటే 'ఈ' కాస్తా 'ఐ' అయి) చివర 'య' చేరితే నైరూప్యం, అంటే రూపం లేకపోవడం. ఆ 'లేకపోవడం' మాటలోనే ఉంది కాబట్టి మళ్లీ 'త' తగిలిస్తే సౌందర్యత, నైపుణ్యత అన్నట్టే.

ఇక అసలు విషయం. అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్‌కు నైరూప్య చిత్రకళ అనే పేరు మన పత్రికల్లో స్థిరపడిపోయింది, దాన్ని నేను తప్పు అనను. అయితే ఆ మాటను రజా బొమ్మ పక్కన పెట్టి చూడండి. కాన్వాసు మధ్యలో పెద్ద నల్లటి వృత్తం, చుట్టూ త్రిభుజాలు, చదరాలు, ఎరుపు, పసుపు. 1980 ప్రాంతం నుంచి 2016లో కన్నుమూసేదాకా ఆయన ఆ వృత్తాన్నే మళ్లీ మళ్లీ వేశారు. ఇంత కొట్టొచ్చినట్టు కనబడుతుంటే రూపం లేదని ఎలా అంటాం? లేనిదల్లా ఇది చెట్టు, ఇది ఇల్లు అని గుర్తుపట్టే వీలు, అంతే.

'మూర్త' అనే మాట గట్టిపడడం, గడ్డకట్టడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది, మూర్ఛ కూడా దాన్నుంచి పుట్టిందే. అమూర్తం అంటే ఇంకా గడ్డకట్టనిది, ఫలానా వస్తువని చెప్పేలా బిగుసుకోనిది. బృహదారణ్యక ఉపనిషత్తు రెండో అధ్యాయంలో బ్రహ్మానికి మూర్తం, అమూర్తం అని రెండు రూపాలు చెప్పి, గాలినీ అంతరిక్షాన్నీ అమూర్తంలో చేర్చారు. గమనించారా, అమూర్తాన్ని కూడా రూపమనే అన్నారు! తన బిందువును బీజం అని, సృష్టి అంతా అందులోంచే విచ్చుకుంటుందని చెప్పిన చిత్రకారుడికి ఇంతకంటే సరిపోయే మాట నాకు కనబడడం లేదు. మీ మిత్రుడి వైపే నా ఓటు.

మీ వాక్యంలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది మాత్రం 'శూన్యం'. మీరు ఖాళీ అనే అర్థంలో వాడితే అది రజా చెప్పిన దానికి దూరమవుతుంది. శూన్యం తెలుగులో సున్న అయింది, లెక్కల్లో దానికి విలువ లేదు, నిజమే. అదే సున్న అక్షరం పక్కన నిలిస్తే నిండుసున్న, వ్యాకరణంలో పూర్ణబిందువు. పడగలో ఒక్క సున్న పెట్టండి, పండగ అయిపోతుంది. రజా బిందువు ఈ నిండుసున్న లాంటిది.

చుక్క తప్పు కాదు. ముగ్గులో పెట్టేదీ చుక్కే, ఆకాశంలో పొడిచేదీ చుక్కే. మధ్యప్రదేశ్‌లోని మండ్లా జిల్లాలో చిన్నప్పుడు మనసు నిలవక అల్లరి చేస్తుంటే, బడిలో మాస్టారు గోడ మీద ఒక చుక్క పెట్టి దాన్నే చూస్తూ కూర్చోమన్నారని రజా చెప్పేవారు. అక్కడ చుక్క అనే రాయండి, బిందువు అంటే ఆ బడి, ఆ గోడ కనబడకుండా పోతాయి. కాన్వాసు మీది ఆ పెద్ద వృత్తానికి మాత్రం ఆయన పెట్టుకున్న పేరే ఉంచండి. మీ వాక్యాన్ని నేనైతే ఇలా మారుస్తాను: "ఈ అమూర్త చిత్రాల్లో విశ్వం ఇంకా మొలకెత్తని విత్తులా కనిపిస్తుంది."